మన ఊరి చెరువు మ్యాపులో ఎక్కడుంది? ఉచిత మ్యాప్ డేటా వెతకడం, దించుకోవడం, చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువుల మీద పనిచేసే స్నేహితులు, ఊళ్లలోని టీచర్లు, జర్నలిజం చదివే పిల్లలు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. అందరికీ కావలసింది ఇంచుమించు ఒకటే: మా చెరువు ఒకప్పుడు ఎంత ఉండేది, ఇప్పుడెంత మిగిలింది, నీళ్లు ఎటునుంచి వస్తాయి, మత్తడి పోస్తే ఎటు పోతాయి. ఇది తెలుసుకోవడానికి కావలసిన డేటాలో చాలా భాగం ఉచితంగానే దొరుకుతుంది. దొరకదేమోనని మొదట్లోనే వదిలేసేవాళ్లను చూసి బాధేసి ఈ పేజీ రాస్తున్నాను. ఉదాహరణ అవసరమైన చోటల్లా నర్సంపేట దగ్గరి పాఖాల చెరువును తీసుకున్నాను. కాకతీయుల నాటిది, పెద్దది, శాటిలైట్ చిత్రంలో ఇట్టే కనిపిస్తుంది. ఒకసారి దాని మీద చేయి తిరిగితే మీ ఊరి కుంట మీదా అదే పని చేయొచ్చు.

గూగుల్ మ్యాప్స్‌లో చెరువు కనిపిస్తూనే ఉందిగా. మళ్లీ డేటా ఎందుకు?

అక్కడ కనిపించేది బొమ్మ. నీలం మచ్చ ఉంటుంది, పక్కన పేరు ఉంటుంది, అంతే. దాని విస్తీర్ణం ఎంత, కట్ట పొడవెంత, ఈ మండలంలో పదెకరాలు దాటిన చెరువులెన్ని అని అడిగితే బొమ్మ జవాబు చెప్పలేదు. డేటా చెబుతుంది. అందులో చెరువు అంచు వెంట ప్రతి మలుపుకీ అక్షాంశ రేఖాంశాలుంటాయి, వాటికి జతగా ఒక పట్టికలో పేరు, రకం, గ్రామం లాంటి వివరాలుంటాయి.

ఇది రెండు రూపాల్లో వస్తుంది. తూము, బోరుబావి లాంటివి చుక్కలుగా, కాలువలు గీతలుగా, చెరువులు, మండలాలు మూసిన ఆకారాలుగా ఉంటే అది వెక్టర్. శాటిలైట్ చిత్రంలా, ఎత్తుల మ్యాపులా గళ్ల కాగితంలాగా ఉండి ప్రతి గడిలో ఒక అంకె ఉంటే అది రాస్టర్. ఈ రెండు మాటలూ ముందు ముందు చాలాసార్లు వస్తాయి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? డబ్బులు కట్టాలా?

క్యూజీఐఎస్ వాడండి. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది, రూపాయి కట్టనక్కర్లేదు. డౌన్‌లోడ్ పేజీలో రెండు వెర్షన్లు కనిపిస్తే 'లాంగ్ టర్మ్ రిలీజ్' అన్నది తీసుకోండి, కొత్త హంగులు తక్కువైనా నిలకడగా పనిచేస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. పెద్ద ఆఫీసుల్లో ఆర్క్‌జీఐఎస్ ఉంటుంది, దానికి లైసెన్సు కొనాలి. ఈ పేజీలోని పనులన్నీ క్యూజీఐఎస్‌లోనే అవుతాయి.

సరే, డేటా ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడ వెతకాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. అందుకే ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోమంటాను. 'చెరువుల డేటా కావాలి' అని వెతికితే రోజంతా గడిచిపోతుంది. 'నర్సంపేట చుట్టుపక్కల చెరువుల్లో 2018 నవంబరులో నీళ్లెంత, 2023 నవంబరులో ఎంత' అని రాసుకుంటే ఏం కావాలో అందులోనే తెలిసిపోతుంది.

రోడ్లు, కాలువలు, చెరువుల ఆకారాలు, ఊళ్ల పేర్లు కావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో బ్రిటన్‌లో మొదలైంది, ప్రపంచమంతా స్వచ్ఛందంగా గీస్తున్న మ్యాప్. దాని డేటాను జియోఫాబ్రిక్ అనే సైటు ప్రాంతాలవారీగా కట్టలు కట్టి ఇస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ భారతదేశం కింద దక్షిణ జోన్ ఫైలులో, తమిళనాడు, కర్ణాటక, కేరళలతో కలిసి ఉంటాయి. పెద్ద ఫైలే. ఒక్క మండలం కోసమైతే అది వద్దు, దానికి తేలిక దారి కింద చెబుతాను.

మన దేశపు శాటిలైట్ల చిత్రాలకు భువన్. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) దీన్ని నడుపుతోంది, 2009లో మొదలైంది. పేరు నమోదు చేసుకుంటే రిసోర్స్‌శాట్ లిస్-3 చిత్రాలు, కార్టోశాట్‌తో తయారైన ఎత్తుల మ్యాపు కార్టోడెమ్ దించుకోవచ్చు. భువన్‌లో చాలా లేయర్లు చూడటానికే తప్ప దించుకోవడానికి ఇవ్వరు. ఏవి ఎలాంటివో మొదటే చూసుకోండి.

యూరప్ వాళ్ల సెంటినెల్ చిత్రాలు కోపర్నికస్ డేటా స్పేస్‌లో, అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చిత్రాలు యూఎస్‌జీఎస్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో దొరుకుతాయి. రెండూ ఉచితం. టోపోషీట్లు, అంటే ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు చూపించే అచ్చు మ్యాపులు, 1767 నుంచీ ఉన్న సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో ఉంటాయి. మన దేశంలో మ్యాపుల మీద ఉన్న ఆంక్షల్ని కేంద్రం 2021 ఫిబ్రవరిలో బాగా సడలించింది. పాతకాలపు భయం ఇంకా కొందరిలో ఉంది కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఇక పట్టికలు. జలశక్తి శాఖ 2023లో మొట్టమొదటి జలవనరుల గణన నివేదిక విడుదల చేసింది. దేశం మొత్తం మీద 24,24,540 లెక్కకొచ్చాయి, చెరువుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు గుర్తించిన చెరువులు, కుంటలు 46,531. మీ మండలంలో ఎన్ని ఉండాలో ఇలాంటి లెక్కలతో ఒక అంచనా పెట్టుకుంటే, మ్యాపులో ఎన్ని కనిపిస్తున్నాయో పోల్చి చూడొచ్చు. ఆ తేడా దగ్గరే నిజమైన పని మొదలవుతుంది.

ఒక్క మండలంలోని చెరువులే కావాలి. తేలిక దారేది?

క్యూజీఐఎస్‌లో ప్లగిన్స్ మెనూలోకి వెళ్లి 'క్విక్ ఓఎస్‌ఎం' అని వెతికి ఇన్‌స్టాల్ చేసుకోండి. ముందుగా బ్రౌజర్ ప్యానెల్‌లో 'ఎక్స్‌వైజెడ్ టైల్స్' కింద ఉన్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద రెండుసార్లు నొక్కితే వెనక మ్యాపు వస్తుంది. మీ ప్రాంతం తెర నిండా వచ్చేలా జూమ్ చేయండి. తర్వాత క్విక్ ఓఎస్‌ఎం తెరిచి కీ దగ్గర 'నేచురల్', వాల్యూ దగ్గర 'వాటర్' ఎంచుకోండి. ఎక్కడ వెతకాలన్న చోట 'కాన్వాస్ ఎక్స్‌టెంట్' పెట్టి రన్ చేయండి. కొద్దిసేపట్లో చెరువులన్నీ లేయర్‌గా వచ్చేస్తాయి.

రెండు జాగ్రత్తలు. వచ్చినవి తాత్కాలిక లేయర్లు, క్యూజీఐఎస్ మూస్తే పోతాయి. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ ద్వారా వెంటనే సేవ్ చేసుకోండి. రెండోది, కొన్ని చెరువుల్ని గీసినవాళ్లు 'ల్యాండ్‌యూజ్' కింద 'రిజర్వాయర్' అని పెట్టి ఉంటారు. ఆ జతతో కూడా ఇంకోసారి వెతికితేనే లెక్క సరిగా వస్తుంది.

లేయర్ తెరుచుకుంది. ఇప్పుడు దాన్ని ఎలా పరిశీలించాలి?

రంగులు మార్చడానికి తొందరపడకండి. ముందు అట్రిబ్యూట్ టేబుల్ తెరవండి, ఎఫ్6 నొక్కితే చాలు. ఎన్ని వరసలున్నాయి? ఏ నిలువు వరసలో ఏముంది? ఖాళీలెన్ని? చెరువుల లేయర్‌లో పేరు గడి చాలావాటికి ఖాళీగా ఉంటుంది, అది చూడగానే మీకే అర్థమవుతుంది ఇంకా ఎంత పని మిగిలి ఉందో. తర్వాత ఐడెంటిఫై టూల్‌తో మీకు బాగా తెలిసిన ఒక చెరువు మీద నొక్కండి. తెలిసినచోట తప్పుంటే తెలియనిచోట్ల కూడా తప్పులుంటాయనుకోండి. లేయర్ ప్రాపర్టీస్‌లో 'ఇన్ఫర్మేషన్' పేజీ చదవండి: ఏ కోఆర్డినేట్ పద్ధతి (చోటును డిగ్రీల్లో చెబుతోందా, మీటర్లలోనా, ఏ లెక్కన), ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వ్యాపించింది, ఎన్ని ఆకారాలు. ఆ డేటా ఏ ఏడాదిదో ఎక్కడా రాసి లేకపోతే దాన్ని వాడే ముందు రెండుసార్లు ఆలోచించండి.

అటు తర్వాతే సింబాలజీలోకి వెళ్లి విస్తీర్ణాన్ని బట్టి రంగులు వేయండి. పెద్ద చెరువుల నుంచి చిన్న కుంటలకు, అక్కడి నుంచి ఇంకా కిందికి వరసగా దిగే గొలుసుకట్టు రంగుల్లో కళ్లముందుకొస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే.

దించుకున్న జిప్‌లో ఒకే పేరుతో ఐదారు ఫైళ్లున్నాయి. ఏది కావాలి?

అన్నీ కావాలి. అది షేప్‌ఫైల్. ఎస్‌హెచ్‌పీలో ఆకారాలు, డీబీఎఫ్‌లో పట్టిక, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో సూచిక, పీఆర్‌జేలో కోఆర్డినేట్ పద్ధతి ఉంటాయి. ఒక్క ఎస్‌హెచ్‌పీ మాత్రం వాట్సాప్‌లో పంపి 'తెరుచుకోవడం లేదు' అనేవాళ్లు చాలామంది. జిప్ చేసి మొత్తం పంపాలి.

మీరు సొంతంగా సేవ్ చేసేటప్పుడు మాత్రం షేప్‌ఫైల్ వద్దు, జియోప్యాకేజీ వాడండి. ఒకే ఫైలు, అందులో ఎన్ని లేయర్లైనా పెట్టుకోవచ్చు. తెలుగువాళ్లకు ఇంకో పెద్ద కారణం కూడా ఉంది, అది తర్వాతి ప్రశ్నలో.

తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా, పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి. ఏం చేయాలి?

షేప్‌ఫైల్ 1990ల నాటిది, ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. నిలువు వరస పేరుకు 10 బైట్లు మాత్రమే ఇస్తుంది. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. అంటే 'చెరువు' అన్న మాట కూడా అందులో పట్టదు. గడిలో రాసే విషయానికి 254 బైట్ల హద్దు, అంటే 84 గుర్తులు.

ఫైలు చేతికొచ్చాక చేయగలిగింది ఇది: లేయర్ ప్రాపర్టీస్‌లో 'సోర్స్' పేజీలో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా మార్చి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. అప్పటికీ రాకపోతే పేర్లు బహుశా యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో టైపు చేసి ఉంటారు, వాటిని ముందు యూనికోడ్‌కు మార్చాలి. సేవ్ చేసేటప్పుడే పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఉంటే మాత్రం ఇక తిరిగిరావు, అసలు ఫైలు అడిగి తెప్పించుకోవాలి. జియోప్యాకేజీలో ఈ బాధ లేదు. మ్యాపు మీద తెలుగు లేబుళ్లకు నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు బాగుంటాయి.

జీపీఎస్‌లో తీసుకున్న తూముల పాయింట్లు ఎక్కించాను. ఊళ్లో కాకుండా ఎక్కడో పడ్డాయి!

ఎక్కడ పడ్డాయో చెబితే కారణం చెప్పేయొచ్చు. ఉత్తర ధ్రువం దగ్గర పడ్డాయా? అయితే అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. హైదరాబాద్ 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. రెండూ అటూ ఇటూ అయితే ఆ పాయింటు నార్వేకి పైన ఉన్న స్వాల్‌బార్డ్ మంచుదీవుల్లో వాలుతుంది. సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన పట్టిక ఫైలు) ఎక్కించేటప్పుడు ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. మనం నోటితో అక్షాంశం ముందు చెబుతాం కాబట్టి ఈ పొరపాటు అందరికీ జరుగుతుంది.

ఆఫ్రికా పడమటి తీరం దగ్గర సముద్రంలో పడ్డాయా? అది సున్నా, సున్నా ఉన్న చోటు. గడుల్లో సున్నాలు పడ్డాయి, లేదంటే డిగ్రీల్లో ఉన్న లెక్కను క్యూజీఐఎస్ మీటర్లనుకుంటోంది. ఊళ్లోనే పడి, కట్టకు వంద మీటర్ల పైచిలుకు పక్కకు జరిగాయా? అప్పుడు ఒకటి పాత ఎవరెస్ట్ డేటమ్‌లో (డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలకు ఆధారంగా భూమి ఆకారానికి వేసుకున్న లెక్క), ఇంకొకటి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84లో ఉంది. పాత టోపోషీట్లతో పనిచేసేటప్పుడు ఇది తప్పకుండా ఎదురవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్' వేరు, 'రీప్రొజెక్ట్ లేయర్' వేరు. సీఆర్‌ఎస్ అంటే కోఆర్డినేట్ పద్ధతే. మొదటిది లేయర్ ఏ పద్ధతిలో ఉందో క్యూజీఐఎస్‌కు చెప్పడం, చీటీ అంటించడం లాంటిది. రెండోది అంకెల్నే మార్చడం. చీటీ తప్పుగా అంటిస్తే లోపలి సరుకు మారదు, మ్యాపు మాత్రం పాడవుతుంది.

మన ప్రాంతానికి ఏ కోఆర్డినేట్ పద్ధతి వాడాలి?

డిగ్రీల్లో ఉన్న డేటా ఎక్కువగా ఈపీఎస్‌జీ 4326లో వస్తుంది. దూరాలు మీటర్లలో కొలవాలంటే యూటీఎం వాడతాం, అది భూమిని ఆరేసి డిగ్రీల నిలువు జోన్లుగా విడగొడుతుంది. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు వరకు 44వ జోన్, దాని కోడ్ 32644. హైదరాబాద్, వరంగల్, కర్నూలు, విజయవాడ, విశాఖ అన్నీ ఇందులోకే వస్తాయి. కానీ జహీరాబాద్, తాండూరు, నారాయణపేట, ఆదోని, అనంతపురం, హిందూపురం 43వ జోన్‌లో ఉన్నాయి, కోడ్ 32643. అటు చివర పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45వ జోన్, 32645. ఆంధ్రప్రదేశ్ మూడు జోన్ల మీద పరుచుకుని ఉంది కాబట్టి రాష్ట్రం మొత్తాన్ని ఒకే మ్యాపులో పెట్టాలంటే దేశం మొత్తానికి చేసిన 7755 నయం.

శాటిలైట్ చిత్రం ఎంత స్పష్టంగా ఉంటుంది? మా కుంట కనిపిస్తుందా?

సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే 100 చదరపు మీటర్లు. తెలంగాణలో గుంట అంటే దాదాపు 101 చదరపు మీటర్లు. ఒక పిక్సెల్ ఒక గుంట అనుకోండి, ఇక మరిచిపోరు. సెంట్లలో చెప్పుకునేవాళ్లకు రెండున్నర సెంట్లు. పదెకరాల కుంట అంటే 400 పిక్సెళ్లు, చక్కగా కనిపిస్తుంది. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, సుమారు తొమ్మిది గుంటలు. అదే పదెకరాల కుంట అందులో 45 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, అంచు పిక్సెళ్లలో సగం నీళ్లు సగం గట్టు కలిసిపోయి లెక్క అటూ ఇటూ అవుతుంది. అరెకరం నీటిగుంత గురించి ల్యాండ్‌శాట్‌తో ఏమీ తేల్చలేం.

సెంటినెల్ చిత్రం దించుకోవడం ఎలా? ఫైలు చాలా పెద్దదంటున్నారు.

కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచిత ఖాతా తెరవండి. మీ చెరువు చుట్టూ గడి గీసి, తేదీ పెట్టి, మేఘాల శాతం పదిలోపు ఉంచి, సెంటినెల్-2 ఎల్2ఏ (గాలి ప్రభావం తీసేసి సరిచేసిన చిత్రం) వెతకండి. మొత్తం దృశ్యం తీసుకుంటే 110 కిలోమీటర్ల చదరం వస్తుంది, జిప్ చాలా పెద్దది. మొబైల్ డేటా మీద పనిచేసేవాళ్లు అలా దించుకోకండి. అక్కడే 'ఎనలిటికల్' డౌన్‌లోడ్ అని ఉంటుంది, మీరు గీసిన గడి వరకే, కావలసిన బ్యాండ్లే (ఒక్కో రకం కాంతిలో తీసిన పొరలు) టిఫ్ ఫైళ్లుగా ఇస్తుంది.

తేదీ ఎంచుకోవడమే అసలు నేర్పు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు వదలవు. నవంబరు, డిసెంబరుల్లో ఆకాశం తేటగా ఉంటుంది, చెరువులు నిండుగా ఉంటాయి. రెండు సంవత్సరాలు పోల్చాలంటే ఒకే నెల తీసుకోవాలి. ఒక ఏడాది నవంబరును ఇంకో ఏడాది మే నెలతో పోల్చి చెరువు ఎండిపోయిందని రాయడం చెరువుకూ, చదివేవాళ్లకూ అన్యాయం. వానాకాలంలోనే చూడక తప్పనప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రాలున్నాయి, అవి మబ్బుల్ని దాటి చూస్తాయి. వాటిని చదవడం మాత్రం వేరే చదువు.

నీళ్లున్న చోటును సాఫ్ట్‌వేరే గుర్తించేలా చేయొచ్చా?

చేయొచ్చు. నీళ్లు ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పి పంపుతాయి, కంటికి కనిపించని దగ్గరి పరారుణ కాంతిని దాదాపు మింగేస్తాయి. ఈ తేడా మీద మెక్‌ఫీటర్స్ 1996లో ఇచ్చిన సూత్రమే ఎన్‌డీడబ్ల్యూఐ. సెంటినెల్-2లో ఆకుపచ్చ బ్యాండు 3, పరారుణం బ్యాండు 8. రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో (బి3 − బి8) ÷ (బి3 + బి8) అని రాస్తే చాలు. ఫలితం మైనస్ 1 నుంచి 1 మధ్య వస్తుంది, సున్నాకు పైన ఉన్నవి సాధారణంగా నీళ్లు.

మొత్తం దృశ్యాన్ని జిప్‌గా దించుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. 2022 జనవరి 25 నుంచి వస్తున్న చిత్రాల్లో ప్రతి విలువకూ 1000 కలిపి ఇస్తున్నారు. ఫైలు పేరులో ఎన్ తర్వాతి నాలుగంకెలు 0400 లేదా అంతకు పైన ఉంటే రెండు బ్యాండ్ల నుంచీ 1000 తీసేసి లెక్క కట్టండి. లేకపోతే 2018కీ 2023కీ మధ్య లేని తేడా ఒకటి పుట్టుకొస్తుంది.

సూత్రం మోసపోయే చోట్లు మన దగ్గర రెండున్నాయి. గుర్రపు డెక్క కమ్మేసిన చెరువు పచ్చిక మైదానంలా కనిపిస్తుంది, కింద నిండుగా నీళ్లున్నా సరే. నాట్లకు దమ్ము చేసి నీళ్లు పెట్టిన వరి మడులు చెరువులా కనిపిస్తాయి. ఆయకట్టు అంతా ఒకేసారి చెరువైపోయినట్టు వస్తే కంగారు పడకుండా అది ఏ నెలో చూడండి.

విస్తీర్ణం ఎకరాల్లో ఎలా వస్తుంది?

ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో ఏరియా అనే ఫంక్షన్ రెండు రకాలుగా ఉంటుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యేది వాడండి, అది భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. గుర్తు లేనిది లేయర్ ఏ కొలతలో ఉంటే అందులోనే చెబుతుంది, డిగ్రీల లేయర్ మీద 'చదరపు డిగ్రీలు' ఇస్తుంది, దానికి అర్థం లేదు. ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో కొలత చదరపు మీటర్లుగా ఉందని చూసుకుని, వచ్చిన సంఖ్యను 4046.86తో భాగిస్తే ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు లేదా 100 సెంట్లు, మిగతాది మీకు తెలిసిందే.

ఒక చెరువుకు ఒకే విస్తీర్ణం ఉండదని కూడా గుర్తుంచుకోండి. మత్తడి దాకా నిండినప్పుడు నీళ్లు పరుచుకునే హద్దును ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటారు. శాటిలైట్ ఆ రోజున్న నీళ్లను చూపిస్తుంది, ఎఫ్‌టీఎల్‌ను చూపించదు. ఎండాకాలపు చిత్రంలో బయటపడ్డ నేల శిఖం భూమి, అది ఎవరికో దొరికిన ఖాళీ జాగా కాదు.

ముప్పై, నలభై ఏళ్ల కిందట చెరువు ఎలా ఉండేదో చూడొచ్చా?

ల్యాండ్‌శాట్ 1972 నుంచి ఫొటోలు తీస్తోంది, 2008లో ఆ భాండాగారం మొత్తాన్ని ఉచితం చేశారు. ఆ చిత్రాలన్నీ ఒక్కొక్కటిగా చూసే ఓపిక లేకపోతే యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం చేసిన 'గ్లోబల్ సర్ఫేస్ వాటర్' ఉంది. 1984 నుంచి ప్రతి 30 మీటర్ల గడిలో ఎంత తరచుగా నీళ్లు కనిపించాయో శాతాల్లో చెబుతుంది. ఎప్పుడూ నీళ్లున్న నడిమధ్య భాగం, ఏడాదికోసారి నిండే అంచులు, ఒకప్పుడు నిండి ఇప్పుడు అసలు నీళ్లే చూడని మూలలు, అన్నీ వేరువేరు రంగుల్లో తేలతాయి. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఈ మ్యాపు చూపించి చూడండి. 'అటువైపు మా నాయన జమానాలో తుంగ పెరిగేది' అంటూ వాళ్లు చెప్పే మాటలు ఏ పట్టికలోనూ దొరకవు. వాటిని కూడా తేదీ వేసి రాసుకోండి.

ఇంకా వెనక్కి పోవాలంటే 1950ల నాటి అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ షీట్లు టెక్సస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం సైటులో ఉచితంగా ఉన్నాయి. స్కేలు 1:2,50,000, పెద్ద చెరువులే కనిపిస్తాయి. అవి వట్టి బొమ్మలు కాబట్టి క్యూజీఐఎస్‌లోని జియోరెఫరెన్సర్‌తో మ్యాపు మీద కూర్చోబెట్టాలి. కట్ట చివర్లు, రైలు వంతెనలు, గుడులు లాంటి మారని గుర్తులు ఓ పది తీసుకోండి. ఊరి పేరు రాసి ఉన్న చోటును గుర్తుగా పెట్టుకోకండి, అచ్చువేసినవాళ్లు ఖాళీ ఉన్న చోట రాస్తారు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) తన పరిధిలోని చెరువులకు పెట్టిన ఎఫ్‌టీఎల్ పీడీఎఫ్ మ్యాపుల్ని కూడా ఇలాగే కూర్చోబెట్టుకోవచ్చు.

నీళ్లు ఎటునుంచి ఎటు పోతాయో తెలియాలంటే?

ఎత్తుల మ్యాపు కావాలి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల్లో రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అందరూ వాడేది. ఒక డిగ్రీకి ఒక డిగ్రీ పలకలుగా వస్తుంది, పలకకు పేరు దాని నైరుతి మూల నుంచి పెడతారు. హైదరాబాద్ పలక ఎన్17 ఈ078. పాఖాల చెరువు సరిగ్గా 80 డిగ్రీల రేఖ పక్కన ఉంది కాబట్టి ఈ079, ఈ080 రెండూ దించి 'మెర్జ్'తో కలపాలి. గ్లోబల్ సర్ఫేస్ వాటర్‌లో మాత్రం పలక పేరు వాయవ్య మూల నుంచి ఉంటుంది. ఒకదాని అలవాటుతో ఇంకోటి దించుకుంటే వేరే చోటు వస్తుంది.

ఎత్తుల మ్యాపు మీద 'హిల్‌షేడ్' (గుట్టల వెలుగునీడలు) వేసి, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు 10 మీటర్లకొకటి గీసి, పైన చెరువుల లేయర్ పెట్టండి. ఒక్కో చెరువు వాగుకు అడ్డంగా ఎక్కడ కట్టారో, ఎందుకు అక్కడే కట్టారో చూస్తూ ఉండిపోతారు. రెండు గుట్టల మధ్య ఇరుకైన చోట కట్ట వేసి వెనక విశాలంగా నీళ్లు నిలబెట్టిన ఆ చూపు ఎనిమిది వందల ఏళ్ల నాటిది. అయితే ఈ డేటాలో కొన్ని మీటర్ల తేడా మామూలే, చెట్ల తలల్ని కూడా నేలగానే లెక్కేస్తుంది. కోనసీమలాంటి చదును నేలలో దీన్ని నమ్మి కాలువ వాలు చెప్పకండి.

జిల్లా, మండల సరిహద్దులు ఎక్కడ తీసుకోవాలి?

దించుకునే ముందు ఏ తేదీ నాటివో చూడండి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2014లో కూనవరం, చింతూరు, కుక్కునూరు లాంటి పోలవరం ముంపు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2011 జనగణన ఆధారంగా గీసిన సరిహద్దుల్లో ఇవేవీ ఉండవు. నేను మొదట్లో ఒక సంస్థకు చేసిచ్చిన మ్యాపులో పాత సరిహద్దులే పడ్డాయి, అచ్చయ్యాక గానీ చూసుకోలేదు. అప్పటినుంచి ప్రతి లేయర్ పేరులో సంవత్సరం రాస్తున్నాను.

విదేశీ సైట్లలో దొరికే దేశ సరిహద్దు కశ్మీర్ దగ్గర మన అధికారిక మ్యాపుతో కలవదు. అచ్చులో, ఆన్‌లైన్‌లో ప్రచురించే మ్యాపుకు సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దే వాడండి.

ఎక్సెల్‌లో ఉన్న లెక్కల్ని మ్యాపుకు జతచేస్తే సగం ఊళ్లు కలవడం లేదు.

పేరుతో జతచేస్తున్నారు, అందుకే. ఒకే ఊరి పేరు ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు, కొత్తపల్లి, రామాపురం అనే ఊళ్లు లెక్కలేనన్ని. జనగణన కోడ్‌తోనో, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌తోనో జతచేయండి. ఎక్సెల్ కోడ్ ముందరి సున్నాల్ని మింగేస్తుంది, ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా పెట్టుకోండి.

కబ్జా నిరూపించడానికి ఈ మ్యాపు చాలదా?

ప్రశ్న లేవనెత్తడానికి చాలుతుంది, హద్దు తేల్చడానికి చాలదు. ఒక పిక్సెల్ ఒక గుంట అన్నాం కదా, తగువు రెండు గుంటల మీద అయితే ఈ చిత్రం సాక్ష్యం కాదు. సర్వే నంబరు హద్దుకు తెలంగాణలో టిప్పన్, ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ (రెండూ సర్వే శాఖ కొలతల పటాలే) చూడాలి, మండల సర్వేయరు నేల మీద కొలవాలి. మీ దగ్గరున్న రెండు తేదీల చిత్రాలు, వాటి ఫైలు పేర్లతో సహా అర్జీకి జతచేయండి. ఫలానా తేదీన ఇక్కడ నీళ్లున్నాయి అని ఎవరైనా సరిచూసుకోగలిగేలా ఉంటే ఆ అర్జీకి బలం వస్తుంది.

డేటా వాడుకున్నందుకు పేరు వేయాలా?

వేయాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అయితే దాని భాగస్వాములకు, సెంటినెల్ అయితే 'కోపర్నికస్ సెంటినెల్ డేటా' అని సంవత్సరంతో సహా మ్యాపు మూలన రాయండి. ల్యాండ్‌శాట్‌కు ఆంక్షలు లేవు, అయినా రాయడం మర్యాద. గూగుల్ చిత్రాల మీద చూసి గీసినదాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టకూడదు.

మా ఊరి చెరువు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేదు. ఉన్నా పేరు లేదు.

మీరే పెట్టండి. ఖాతా తెరిచి, ఎడిట్ నొక్కితే గీయడానికి అనుమతి ఉన్న శాటిలైట్ చిత్రం వెనక వస్తుంది. నిండుకుండలా ఉన్నప్పటి అంచు వెంట గీసి 'వాటర్' అని గుర్తించండి. తూములు, మత్తడి, గండిపడిన చోటు ఫోన్‌లో గుర్తించుకోవాలంటే క్యూఫీల్డ్ అనే ఉచిత యాప్ ఉంది, మీ క్యూజీఐఎస్ ప్రాజెక్టునే ఫోన్‌లో తెరుస్తుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

పేరు రాసేటప్పుడు కాగితాల మీది పేరుతో ఆగిపోకండి. రికార్డుల్లో 'పెద్ద చెరువు' అనో, వట్టి నంబరో ఉంటుంది. పశువులు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను, తూము ఎత్తే నీరటికాడిని అడగండి. వాళ్లు పిలిచే పేరును తెలుగులోనే, తెలుగు పేరు కోసం ఉన్న గడిలో రాసి సేవ్ చేయండి. వేరే పేరుతో కూడా పిలుస్తారంటే దానికీ ఇంకో గడి ఉంది.